కమ్లీ వద్దన్న గౌరవం

నెల్లికుదురు దగ్గరి ఆ తండాలో కమ్లీకి ఈ మధ్య మర్యాద పెరిగింది. పత్తి ఏరడానికి పోతే ఆడవాళ్లు ముందుగా ఆమెకే నీళ్లందిస్తున్నారు. కిరాణా దుకాణంలో పక్కకు జరిగి దారిస్తున్నారు. కొడుకు బతికుండగా ఎవరికీ పట్టని మనిషి ఇప్పుడు అందరికీ అమరుడి తల్లి.

సకల జనుల సమ్మెలో బస్సులు బంద్, బడులు బంద్ అయిన రోజుల్లో జరిగిందది. ఇంటర్ చదివే ఆమె కొడుకు కుమార్ మోటార్ సైకిళ్ల ర్యాలీకని బండికి జెండా కట్టుకొని మహబూబాబాద్ బయలుదేరాడు. దారిలో కల్వర్టుకు గుద్దుకొని చనిపోయాడు. ఉద్యమానికి పోతూ పోయాడు కాబట్టి అమరుడే అన్నారు జనం. పుణెలో కూలిపని చేసే తండ్రి మంగ్యా దినాలకు వచ్చి, మళ్లీ పనికి వెళ్లిపోయాడు.

కమ్లీకి కడుపారా ఏడ్చే వీలు కూడా లేకపోయింది. కంట తడి కనబడితే చాలు, "ఏడువకు కమ్లీ, నీ కొడుకు ఊకె పోలే" అని సముదాయించేవారు. అమ్మను యాడీ అని పిలిచే గొంతు ఇంట్లో లేకుండా పోయిందని ఎవరికి చెప్పుకుంటుంది? ఒక్కతే పొయ్యి ముందు కూర్చొని ఒక్క రొట్టె కాల్చుకునేది. అదీ సగమే తినేది.

పైగా ఒక నిజం ఆమెను లోలోపల తినేస్తోంది. ఆ రోజు బండి మీద వెనక కూర్చొని కాలు విరగ్గొట్టుకున్న బలరాం, దవాఖానలో ఆమె చేయి పట్టుకొని చెప్పాడు.

"బెల్టు షాపుల తాగినం చిన్నమ్మా. వాడు ఒక్క చేత్తోని బండి నడుపుకుంట ఫోన్ల మాట్లాడిండు. బండి ఆపురా అంటే నవ్విండు."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే కొడుక్కి మిగిలిన ఆ కాస్త పేరూ పోతుంది.

ఊరి పెద్ద పురుషోత్తం కుమార్ పేరు చెక్కించి తండా మొదట్లో రాయి నిలబెట్టించాడు. దండ వేయడానికి కమ్లీని పిలిచాడు. చుట్టుపక్కల పిల్లలు బండికి ముగ్గురేసి వచ్చారు. ఒకడు ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని వచ్చి ఆమె పక్కనే బండి ఆపాడు. గుప్పున సారా వాసన కొట్టింది. వాడికింకా మీసమైనా సరిగా రాలేదు.

"నీ కొడుకు లెక్కనే మేం గూడ పాణమిస్తం అవ్వా" అంటూ వంగి ఆమె కాళ్లు మొక్కాడు.

కమ్లీ వాడి ముఖంలోకి చూసింది. దండ వేయకుండా వెనక్కి తిరిగింది.

"పురుషోత్తం పటేలా, రాయి మీద గా పేరు తీసేయించు. నా కొడుకు తెలంగాణ కోసం సావలే. తాగి బండి నడుపుకుంట, ఫోన్ల మాట్లాడుకుంట సచ్చిండు."

పురుషోత్తం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "గిదేం మాట కమ్లీ? పోరనికి మంచి పేరొచ్చింది. కన్నతల్లివి, నువ్వే తీసేస్తవా?"

"పేరు ఇంటికొచ్చి బువ్వ పెట్టుమంటదా పటేలా? నన్ను యాడీ అని పిలుస్తదా?"

కమ్లీ ఆ మీసం రాని పిల్లవాడి చేతిలోని ఫోన్ తీసి వాడి జేబులో పెట్టింది.

"కొట్లాడుండ్రి బిడ్డా, వద్దంటలేను. తాగి మాత్రం బండెక్కకుండ్రి. బండెక్కినంక ఫోను ముట్టకుండ్రి. తెలంగాణ ఇయ్యాల గాకుంటె రేపొస్తది. వచ్చిన్నాడు మీ అవ్వలు నా లెక్క ఒంటిగ ఉండొద్దు, వాళ్ల పక్కన మీరుండాలె."