ఎర్రమన్ను పట్టిన కందులు

న్యాల్‌కల్ ఊరి కంది రైతులకు గోదాం ఇవ్వరట. కారణం వింటే ఎవరికైనా ఒళ్లు మండాల్సిందే. ఆ ఊరున్న జహీరాబాద్ ప్రాంతం కందుల ఎగుమతిలో జిల్లాకే పేరు తెచ్చిందట. సరుకు అంత బాగా పైదేశాలకు పోతుంటే దాచుకునే చోటు దేనికని పైవాళ్లు అడిగారట. ఆ మాట చెప్పడానికి మార్కెటింగ్ శాఖ అధికారి మహిధర్ రైతు సంఘం అధ్యక్షురాలు పార్వతమ్మను జహీరాబాద్‌లోని తన ఆఫీసుకు పిలిపించి, కుర్చీ వేయించి, చాయ్ కూడా తెప్పించాడు. ఆ చాయ్ ఆమె ముట్టలేదు.

ముట్టబుద్ధి అవుతుందా? ఆమె ఇంట్లో వంటగది గోడ పొడుగునా నిరుటి కందుల సంచులే. మూతి విప్పితే చాలు, పురుగు లేచి మొహం మీదికి వస్తోంది. ఊళ్లో ఎవరింటికి పోయినా ఇదే గోస. దాచుకునే చోటు లేక, కోతలు కాగానే అందరూ ఒక్కసారే మార్కెట్‌కు తోలుకుపోతారు, అడ్తిదారు చెప్పిన ధరకు ఇచ్చి తల వంచుకుని వస్తారు. మిగిలినవి ఇళ్లల్లో పుచ్చిపోతాయి. ఒక కల్లం, ఒక గోదాం ఉంటే ఈ ఖర్మ ఉండదని పార్వతమ్మ కాళ్లరిగేలా తిరిగింది.

"మా కందులు మా ఇండ్లల్లనే ఉన్నయి సార్. మరి ఓడెక్కినయి ఎవరియి?" అని అడిగింది.

మహిధర్ చెడ్డవాడేం కాదు. కాకపోతే అంకె ఒకసారి అచ్చయితే దానికి దండం పెట్టే రకం. ఎగుమతి కాగితాల్లో సరుకు ఎక్కడ పుట్టిందో రాస్తారని ఓపికగా చెప్పుకొచ్చాడు. పరాయి దేశం నుంచి తెచ్చిన సరుకును వచ్చింది వచ్చినట్టే మళ్లీ బయటికి పంపితే, దాన్ని మన పంటలో కలపకూడదట, వేరే లెక్క రాయాలట. ఇక్కడినుంచి పోయిన కందులు మాత్రం అన్నీ ఇక్కడి పంటేనని రాసి ఉంది. రాసింది జగన్‌మోహన్ మిల్లు.

ఆ మిల్లు పార్వతమ్మకు కొత్త కాదు. న్యాల్‌కల్ ఆడవాళ్లు ఇంటి తిండికి ఉంచుకునే కందులకు ఎర్రమన్ను తడిపి పట్టించి, ఎండబెట్టి దాస్తారు. వాటిని పురుగు ముట్టదు. సంచులకు సంచులు అట్లా చేయాలంటే ఆరబెట్టడానికి కల్లం ఉండాలి, అది లేకనే ఈ తిప్పలన్నీ. కొన్నేళ్ల కింద జగన్‌మోహన్ ఊరికొచ్చి, మీ మన్ను పట్టిన కందులంటే దుబాయ్‌లో మహా మోజు, మన్ను ఇప్పించమని బతిమాలాడు. మన్ను మనదే అడిగాడంటే కందులూ మనవే కొంటాడని ఊరంతా నమ్మేసింది. అడ్తిదారు చేతికి పోయిన సరుకు ఆ తర్వాత ఎటు పోతుందో ఎవరు చూడొచ్చారు? సిద్దప్ప చెలకలో తవ్విన మన్నుకు, మొదటి తట్టకు పసుపు కుంకుమ పెట్టి మరీ, ఊరికే ఎత్తి పంపారు. ఏటేటా పంపారు. పార్వతమ్మ ఆఫీసుకు వచ్చిన పొద్దు కూడా ఊరి నాగరాజ్ మన్ను ట్రాక్టర్ తోలుకుని మిల్లుకే బయల్దేరాడు.

కందులు ఇళ్లల్లోనే ఉంటే ఆ మన్ను దేనికి పట్టిస్తున్నట్టని పార్వతమ్మకు అనుమానమొచ్చింది. మహిధర్‌ను కుర్చీలోంచి లేపి, అతని జీపులోనే మిల్లుకు తీసుకుపోయింది.

మిల్లులో కప్పుకు తగిలేలా సంచులు పేర్చి ఉన్నాయి. వాటి మీద ఎవరికీ చదవరాని పరదేశపు రాతలు. చెయ్యి పెట్టి చూసింది. ఇక్కడి చెలకల్లో గింజ సన్నంగా, ఎర్రగా ఉంటుంది. ఇవి లావుగా, తెల్లబారి ఉన్నాయి. అవతల గచ్చు మీద కూలీలు ఇవే గింజలకు న్యాల్‌కల్ మన్ను పట్టిస్తున్నారు. ఆరినవాటిని జల్లెడ పట్టి, మన్ను దులిపేసి, రంగు మాత్రం మిగిల్చి, జహీరాబాద్ కందులని అచ్చేసిన కొత్త సంచుల్లో పోస్తున్నారు.

జగన్‌మోహన్ దాచే ప్రయత్నం కూడా చేయలేదు. ఆఫ్రికావి, ముంబైకి ఓడలో వస్తాయి, చవక అన్నాడు. పైగా నవ్వాడు.

"తప్పేముందక్కా? మన మన్ను పట్టినంక మన కందులే గద."

పార్వతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మన్నుకు ఆమె తన చేత్తో కుంకుమ పెట్టింది.

"మన్ను పూస్తెనే మావైతే, మా ఇండ్లల్ల పుచ్చిపోతున్నయి ఎవరియి సేటూ?"

జగన్‌మోహన్ మహిధర్ వైపు చూశాడు, సార్ ఏదో ఒకటి అంటాడని. మహిధర్ మిల్లు వెనక కుప్పపడ్డ మన్నును చూస్తున్నాడు. మన్ను పట్టించడమంటే పాడవకుండా దాచడమే, అది సరుకు పుట్టుకను మార్చదని, ఇదంతా వేరే లెక్కలో పడాల్సిందేనని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, నీళ్లు నమిలాడు. ఇప్పుడు మారిస్తే ఇక్కడి ఎగుమతి అంకె కుప్పకూలుతుందట, జిల్లాకు వచ్చిన పేరు పోతుందట, పైవాళ్లు తనను నిలదీస్తారట. ఈసారికి ఇట్లాగే పోనిచ్చి వచ్చే ఏడు సరిచేద్దామన్నాడు. ఎంత సులువుగా అన్నాడో!

పార్వతమ్మ నేరుగా గేటు దగ్గరికి పోయింది. మన్ను దించబోతున్న నాగరాజ్‌ను ఆపి, ట్రాక్టర్ ఊరికి మళ్లించమంది. అప్పుడు మహిధర్ వైపు తిరిగింది.

"కూలనియ్యున్రి సార్. కూలిన అంకె సూపిచ్చి మాకు గోదాం అడుగున్రి. అచ్చే యేటి దాంక పురుగు ఆగుతదా?"

మహిధర్ జేబులోంచి కలం తీశాడు. తర్వాత జగన్‌మోహన్‌ను ఎగుమతి కాగితాలు తెమ్మన్నాడు.

కొత్త లెక్క అచ్చయ్యేసరికి జహీరాబాద్ ప్రాంతం కందుల ఎగుమతి దాదాపు సున్నాకు వచ్చింది. ఆ కాగితం కొంగున చుట్టుకుని పార్వతమ్మ గోదాం అడగడానికి మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. ఈసారి ఆమెకు చాయ్ ఎవరూ తెప్పించలేదు. కుర్చీ తనే లాక్కుని కూర్చుంది.