ఆయన స్నానం నీళ్ళు

మా ఇంట్లో గీజర్ లేదు. మా ఆయన జితేందర్ బేగం బజార్‌లో అమ్మేది మాత్రం గీజర్లే! పొయ్యి మీద కాగిన నీళ్ళైతేనే ఒంటికి పడతాయని మా అత్తమ్మ మాట. ఎవరి ఒంటికంటే, ఆమె కొడుకు ఒంటికి. నేను చన్నీళ్ళే పోసుకుంటాను. గంట కొట్టేలోగా అబిడ్స్‌లో నేను పాఠాలు చెప్పే బడికి చేరాలి కదా, నీళ్ళు కాగేదాకా ఎవరు ఆగుతారు?

రోజూ పొద్దున మరిగే గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని, హాలు దాటి, బాత్‌రూంలోని బకెట్లో కుమ్మరించడం నా పని. చన్నీళ్ళు కలపకూడదు. "నాకెంత వేడి గావాల్నో నేనే కలుపుకుంట. నువ్వు గలిపితే సల్లగైతయ్" అంటాడు. అని, ఫోన్ పట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. పొగలు కక్కుతూ ఆ బకెట్ అక్కడే ఉంటుంది, అయ్యగారికి ఎప్పుడు తీరుతుందో అప్పటిదాకా.

నా ప్రణవికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. నీళ్ళంటే దానికి ఆట. మొన్న వంటింట్లో నేను డబ్బాలు సర్దుతుండగా కేక పెట్టింది. బకెట్లోకి తొంగిచూసి తూలింది, కుడిచెయ్యి మోచేతి దాకా మునిగింది. ఆయన కుర్చీలోంచి చెయ్యి చాపితే బాత్‌రూం తలుపు అందుతుంది.

పిల్లను ఎత్తుకుని ఆ చెయ్యి కుళాయి కింద పెట్టాను. అత్తమ్మ గుంజుకుంది. "సల్లనీళ్ళు పోస్తే బొబ్బలెక్కువైతయే, పిచ్చిదానా!" అంటూ టూత్‌పేస్ట్ గొట్టం మొత్తం పిండి పూసింది. దవాఖానలో నర్సు ఆ పేస్టంతా తుడిచి తీస్తుంటే నా బిడ్డ ఏడ్చిన ఏడుపు పగవాడి పిల్లకు కూడా వద్దు.

అక్కణ్ణుంచి మొదలైంది. "తల్లి ఏం జేస్తున్నదమ్మా?" అని పక్క మంచం ఆమె. "నౌకరీలు జేస్తే గిట్లనే ఉంటది. పిల్ల ఫికర్ ఎవరికున్నది?" అని ఫోన్ చేసిన ప్రతివాళ్ళతో అత్తమ్మ. "జర సూస్కోవాలె గద" అని ఆయన. ఔరా! కాగబెట్టింది నేను, మోసింది నేను, పిల్లను చూసుకోవలసిందీ నేనేనట. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఈ పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. వేరేచోటి చర్మం తీసి అతకాల్సి రావచ్చని, వేళ్ళు ముడుచుకుపోకుండా చూడాలని అంది. ఆమె నా వైపే చూస్తూ చెప్పుకుపోతోంది. "చూడమ్మా, బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోయాలి, తర్వాతే వేడినీళ్ళు. బాత్‌రూం తలుపుకు పైన గొళ్ళెం పెట్టించు. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కిందే ఉంచాలి, పేస్టులూ పసుపులూ పూయకూడదు. ఇకనైనా జాగ్రత్తగా ఉండు."

జితేందర్ గోడకు ఆనుకుని ఫోన్ చూస్తున్నాడు. "ఆమెకు మంచిగ జెప్పున్రి మేడం" అన్నాడు తల ఎత్తకుండానే.

నేను లేచాను. నా కుర్చీని ఆయన ముందుకు జరిపాను.

"ఫోన్ జేబుల వెట్టి గీడ కూసోన్రి" అన్నాను. "మేడం, మల్ల మొదటి నుంచి ఈయనకు జెప్పున్రి. గా నీళ్ళు ఈయనవి. రేపటిసంది కాగబెట్టుకునేది గూడ ఈయనే."