పళ్లెంలో రాని వాటా

బక్రీదు రోజు పొద్దున బెల్లు మోగగానే కౌసర్ చేతులు తుడుచుకుని, తలగుడ్డ సర్దుకుని నవ్వుతూ తలుపు తీసింది. వచ్చిందెవరో, ఏం తెచ్చారో ఆవిడకి ముందే తెలుసు. ఎదురింటి ఇఖ్లాస్ ఏటా తను కోసిన గొర్రెలోంచి పొరుగువాళ్ల వాటా పంపుతుంది. నీలం అంచు పింగాణీ పళ్లెంలో మాంసం పెట్టి, పైన ఇంకో పళ్లెం బోర్లించి మరీ పంపుతుంది. ఆ పళ్లెంలో తిరిగి పెట్టడానికని కౌసర్ రెండు రోజుల ముందే నారింజ తొక్కలు పాకంలో వేసి ఆరబెట్టింది కూడా.

గుమ్మంలో ఇఖ్లాస్ కోడలు దాలియా నిలబడి ఉంది. చేతిలో పళ్లెం లేదు. నల్ల ప్లాస్టిక్ కవరు ఉంది.

"ఏటేటా చల్లగా ఉండండి పిన్నీ! అత్తయ్య పంపింది. మొహమాటపడొద్దని మరీ మరీ చెప్పమంది," అంటూ దాలియా ఆ కవరు కౌసర్ చేతిలో కుక్కింది. గొంతు తగ్గించి, "దేవుడున్నాడు పిన్నీ, వచ్చే ఏడాదికి అన్నీ సర్దుకుంటాయి," అని తమ ఇంట్లోకి తుర్రుమంది.

ఏమిటమ్మా సర్దుకునేది? ఏం చెదిరిందని సర్దుకోవడానికి?

గొర్రెను కోసినవాళ్లు మూడు వాటాలు వేస్తారు. ఒకటి ఇంటికి, ఒకటి బంధువులకీ ఇరుగుపొరుగుకీ, ఒకటి లేనివాళ్లకి. ఇరుగుపొరుగుకి వెళ్లేది పళ్లెంలో వెళుతుంది, లేనివాళ్లకి వెళ్లేది కవర్లో వెళుతుంది. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు, ఎవరూ నోరు తెరిచి చెప్పరు, కానీ ఈజిప్టులోని ఈ టాంటా ఊళ్లో పాకే పిల్లనడిగినా చెబుతుంది. పళ్లెమైతే తిరిగి పంపాలి, అదీ ఖాళీగా పంపకూడదు. అలా ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలుంటాయి. కవరుకి ఆ బాధ లేదు. మాంసం తీసుకుని కవరు అవతల పారేస్తే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ అక్కడితో సరి.

కౌసర్ ఆ కవరు పట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. మొగుడు సబ్రీ మల్లెతీగ పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఏమండీ, చూశారా ఇది?"

"చూశాను. తొడ మాంసంలా ఉందే!"

"తొడో, మెడో, నా తలకాయో! కవర్లో పంపారండీ!"

"మరి మాంసం జేబులో వేసి పంపుతారా?"

ఈ మనిషితో కాపురం ఎలా చేసిందో ఆ దేవుడికే తెలియాలి. కౌసర్ కవరు తీసుకెళ్లి వంటింటి గట్టుమీద పడేసింది.

అసలు వాళ్లకేం తక్కువని? ఆవిడ ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పి రిటైరైంది. ఆయన నీళ్ల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వచ్చే పింఛను గీచి గీచి వాడితే ఇద్దరికీ హాయిగా సరిపోతుంది. ఆ గీచి వాడటం కౌసర్‌కి కష్టం కాదు, సరదా. నిరుడు చలికాలంలో పాత కారు అమ్మేశారు. సాయంత్రాలు కాలవగట్టున నడుస్తుంటే ప్రాణానికి ఎంత హాయో, కారుంటే తెలుస్తుందా? గురువారం గురువారం కొట్టుకి వెళ్లి, కళ్లెదుట వేయించి పొడి కొట్టించిన కాఫీ, యాలకులు దండిగా వేయించి, ఆ వారానికి సరిపడా చిన్న పొట్లం తెచ్చుకుంటారు. దర్జీ కొట్లలో మిగిలిపోయిన పట్టు ముక్కలు తెచ్చి కౌసర్ దిండు గలీబులు కుడుతుంది. దుప్పట్ల మీద గులాబీ నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తుంది. రాత్రి పడుకోబోయేటప్పుడు, "పాషా గారి పెళ్లాం కూడా ఇంత మెత్తటి దిండు మీద తల పెట్టి ఉండదండీ," అని రోజూ అంటుంది. సబ్రీ రోజూ "ఊఁ" అంటాడు.

ఇక గొర్రె సంగతి. ఇన్నేళ్లూ సబ్రీ తమ్ముడితో కలిసి కొనేవాళ్లు. ఈ ఏడాది కౌసరే వద్దంది. ఇద్దరు ముసలివాళ్లు, సగం పళ్లు ఊడినవాళ్లు, సగం గొర్రెను ఏం చేసుకుంటారు? అదీ జరిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ మాత్రానికి కవరా?

ఊరుకుంటే నిజమనుకుంటారని కౌసర్ లేచింది. తన పెళ్లినాటి బంగారు అంచు పళ్లెం తీసి, నిండా నారింజ తొక్కల మిఠాయి పేర్చి, ఎదురింటికి వెళ్లింది. పళ్లెం తనే ముందు పంపితే, ఎవరు పొరుగువాళ్లో ఇఖ్లాస్‌కి దానంతటదే గుర్తొస్తుందని ఆవిడ లెక్క.

ఇఖ్లాస్ వంటింట్లో మాంసం కుప్పల మధ్య చెమటలు కక్కుతోంది. కౌసర్‌ని చూడగానే మొహం జాలితో కరిగిపోయింది. ఆ జాలి చూసేసరికే కౌసర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇఖ్లాస్, ఏమిటా కవరు?"

"చాల్లేదా చెల్లీ? దాలియా, ఇంకో కిలో కట్టవే!"

"చాలకపోవడం కాదు! మేం బాగానే ఉన్నాం అని చెప్పడానికొచ్చాను."

"అయ్యో, నేనేమన్నా అన్నానా? అందరికీ మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయి. నా దగ్గర దాపరికమెందుకు? కారమ్మేశారు కదా."

"నడిస్తే బాగుంటుందని అమ్మేశాం."

"అవునవును, నడకే మంచిది," అని ఇఖ్లాస్ కోడలి వైపు చూసింది. కోడలు కళ్లు దించుకుంది.

"ఏమిటా చూపులు? నిజంగానే నడవడం మాకిష్టం!"

"ఇష్టమే చెల్లీ, కాదన్నదెవరు? దర్జీ కొట్ల ముందు గుడ్డపీలికలు ఏరుకుంటున్నావని విన్నప్పుడు మాత్రం నా కడుపు తరుక్కుపోయింది."

"పీలికలు కాదు, పట్టు ముక్కలు! దిండ్లకి!"

"దిండ్లకేలే తల్లీ."

"కాఫీ కూడా..."

"తెలుసు, చిటికెడు పొట్లం కొంటారట."

"తాజాగా ఉంటుందని కొంటాం!"

"అంతేగా మరి. తాజాగా ఉంటుంది," అని ఇఖ్లాస్ కౌసర్ భుజం మీద చెయ్యేసి నిమిరింది.

ఇంకేం చెబుతారు చెప్పండి? ఎదురుచెప్తే వాదించవచ్చు, తిడితే తిట్టవచ్చు. ప్రతి మాటకీ అవునంటూ భుజం నిమిరే మనిషిని ఏం చేస్తారు? తను ముచ్చటపడి చేసుకున్న ప్రతి పనీ ఆ వంటింట్లో లేమికి సాక్ష్యమైపోయింది. కాదన్నకొద్దీ ఇంకా గట్టి సాక్ష్యమవుతోంది. కౌసర్ పళ్లెం ముందుకు తోసి, "ఇది తీసుకో, నేను చేశాను," అంది.

ఇఖ్లాస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంత ఇబ్బందిలోనూ..." అంటూ మిఠాయిని తన గిన్నెలోకి ఒంపుకుంది. పళ్లెం కడిగి, తుడిచి, అలమరలోకి వంగింది. "పళ్లెం ఖాళీగా ఇవ్వకూడదు కదా," అని దాని మీద ఒక బియ్యం పొట్లం, ఒక పంచదార పొట్లం, పైన పప్పు పొట్లం నిలబెట్టి ఇచ్చింది.

పెళ్లినాటి పళ్లెం మీద పప్పు పొట్లం పెట్టుకుని కౌసర్ నడవా దాటి వచ్చింది. పరువంతా ఆ నడవాలోనే పోయింది. వచ్చేసరికి వాళ్ల తలుపు పిడికి ఇంకో రెండు కవర్లు వేలాడుతున్నాయి. ఒకటి పై అంతస్తు కాంట్రాక్టరుది అయ్యుండాలి, ఆయన దూడను కోశాడు. రెండోది ఎవరిదో కూడా తెలియదు. పేరు చెప్పకుండా పుణ్యం కట్టుకున్నారు కాబోలు, మహాతల్లులు.

"ఫ్రిజ్జులో చోటు లేదు," అన్నాడు సబ్రీ, కవర్లు లోపలికి తెస్తూ.

"తీసుకెళ్లి వాళ్ల మొహాన కొట్టండి!"

"మాంసం వెనక్కిస్తే తప్పు కదే. అయినా మనమేంటో మనకి తెలుసుగా. ఎవరేమనుకుంటే మనకెందుకు?"

"మీకేం, మసీదుకెళ్లి అటే కాఫీ దుకాణంలో కూర్చుని వస్తారు. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ పాపం అన్నట్టు పక్కకి తప్పుకునేది నన్ను చూసి! రేపట్నుంచి నేను బజారుకెళ్లి చిన్న పొట్లం అడిగితే, అడిగినప్పుడల్లా గుర్తొస్తుంది నాకు!"

సబ్రీ వెళ్లి ఆవిడకి కాఫీ కాచుకొచ్చాడు, యాలకులు ఎక్కువ వేసి. కౌసర్ బాల్కనీలో దిండుకి ఆనుకుని ఒక గుక్క తాగింది. రుచే తెలియలేదు. దిండు వైపు చూసుకుంది. పొద్దున్నదాకా అది దిండు. ఎర్ర పట్టు, పచ్చ పట్టు, మధ్యలో జరీ పువ్వు, ఎంత ముచ్చటగా ఉండేది. ఇప్పుడు చూస్తే ముక్కలే కనబడుతున్నాయి, ఎవరో పారేసిన ముక్కలు. కౌసర్‌కి ఏడుపొచ్చింది. కవరు వస్తే వచ్చింది, వండుకు తిని మర్చిపోవచ్చు. ఈ దిండు మీద తలపెట్టి పాషా గారి పెళ్లాన్ని తలుచుకోవడం ఇక తన వల్ల కాదేమోనని భయం వేసింది.

సాయంత్రానికి ఒక నిర్ణయానికొచ్చింది. ఈ మాంసం లేనివాళ్ల వాటా. లేనివాళ్లకే చేరాలి. మెట్లు కడిగి, అందరి ఇళ్ల చెత్తా మోసుకెళ్లే ఉమ్ బదావీ పండగ సాయంత్రం ఎలాగూ వస్తుంది. కవర్లన్నీ ఆమెకిచ్చేస్తే ఇటు పాపమూ పోతుంది, ఇచ్చేవాళ్లు ఎవరో, పుచ్చుకునేవాళ్లు ఎవరో ఈ బిల్డింగుకి తెలిసొస్తుంది కూడా. కౌసర్ కవర్లు మూడూ తీసి గుమ్మం దగ్గరే పెట్టుకుంది.

బెల్లు మోగింది. తలుపు తీస్తూనే కవర్లు అందుకుని, "వచ్చావా ఉమ్ బదావీ, ఇదిగో..." అంటూ ముందుకు చాపింది.

ఉమ్ బదావీ చెయ్యి చాపలేదు. ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు. పళ్లెం మీద పళ్లెం బోర్లించి, గుడ్డతో ముడివేసినది పట్టుకుని ఉంది.

"అయ్యో, అవి మీరుంచుకోండి టీచరమ్మగారూ. నాకు బోలెడు కవర్లొచ్చాయి. మీకు ఇబ్బందిగా ఉందని ఇఖ్లాసమ్మగారికి చెప్పింది నేనే."

"నువ్వా?" అంది కౌసర్. "నువ్వు చెప్పావా?"

"కోప్పడకండి. మీ చెత్తబుట్ట మోసేది నేనే కదమ్మా. మిగతావాళ్లవి మోయలేక నడుం పడిపోతుంది, మీది తీస్తే ఏమీ ఉండదు. ఎండు రొట్టె ముక్క ఉండదు, ఎముక ఉండదు. ఆఖరికి నారింజ తొక్క కూడా ఉండదు. తొక్కలతో సహా తింటున్నారు కాబోలని నాకు నిద్ర పట్టలేదు."

కౌసర్ నోటిదాకా వచ్చింది తిట్టు. ఇన్నాళ్లూ ఆవిడ గొప్పగా మురిసిపోయిన బుట్ట అది. ఒక్క గింజ దండుగ చెయ్యనని సబ్రీకి చూపించి మరీ మురిసేది. పొద్దున్నించి ఎవరిని కడిగేయాలా అని చూస్తున్న కౌసర్‌కి ఆ మనిషి దొరికింది. దొరికి, ఎదురుగా పళ్లెం పట్టుకుని నిలబడింది.

"ఇది వేడిగా ఉన్నప్పుడే తినండి," అని ఉమ్ బదావీ పళ్లెం అందించింది. "అన్నం, రొట్టె, మాంసం, పైన వెల్లుల్లి వెనిగర్ తాలింపు. మా అమ్మ చేసినట్టు చేశాను. కవర్లో వచ్చిన మాంసం మొదట్లో వండుకోబుద్ధి కాదమ్మా, నాకు తెలుసు. మొదటి ఏడాది నేను పక్కన పెట్టేశాను, కుళ్లిపోయింది. అందుకని వండి తెచ్చాను."

కౌసర్ ఆ పళ్లెం అందుకుంది. అంచు ఒకచోట పగిలి ఉంది. అడుగున వేడి అరచేతులకి తగులుతోంది. పోయినేడుదాకా ఏ బక్రీదుకైనా కౌసర్ ఇదే తలుపు సగం తెరిచి, ఇదే మనిషికి, ఇలాంటి నల్ల కవరే అందించి, "ఉంటాను" అని మూసేసేది. మంచిపని చేశానని కూడా అనుకునేది. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఆ మంట ఇప్పుడు ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"అది మీ గిన్నెలోకి ఒంపుకుని పళ్లెం ఇచ్చేయండి, పోతాను," అంది ఉమ్ బదావీ.

"ఇవ్వను."

"అదేంటి టీచరమ్మా?"

"పళ్లెం ఖాళీగా ఇస్తారా ఎవరైనా? రేపు నేనే తెచ్చిస్తాను. మీ ఇంటికొస్తాను."

ఉమ్ బదావీ నవ్వింది. ఎత్తిపొడుపేమీ లేదు ఆ నవ్వులో, వింతగా అనిపించి నవ్వింది అంతే.

"మా ఇల్లు మీకెక్కడ తెలుసు?" అంది.

కౌసర్ చెప్పబోయింది. ఆమె ఏ వీధిలోంచి వస్తుందో, కాలవకి ఇవతలో అవతలో, నోటికి ఏదీ రాలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదు.