కోతుల తోట

రాయపోల్‌లో కోతుల మీద అందరికంటే గట్టిగా మొత్తుకున్నది కొమురవ్వే. ఊరికొచ్చిన ఫారెస్టు ఆఫీసరును నిలబెట్టి, "అడవిల తిండి లేకనే గివి మా ఇండ్ల మీద పడుతున్నయ్ సారూ!" అని కడిగేసింది. ఆయన పాపం మంచివాడు. ఊరి పక్క అడవిలో కోతుల కోసమే సీతాఫలం, జామ చెట్లు పెట్టించాడు.

నాలుగేళ్లకు చెట్లు విరగకాశాయి. ఆ సంగతి కోతులకంటే ముందే ఊరికి తెలిసింది. తెల్లారేసరికి కొమురవ్వ గంపతో అడవిలో ఉంది. కోతులకు వదిలేస్తే సగం కొరికి సగం పారేస్తాయి, పండ్లన్నీ ఆగమైపోతాయని ఆమె బాధ. అందుకే కళ్లు విచ్చిన సీతాఫలం ఒక్కటీ వదల్లేదు. కొమ్మ మీంచి ఆశగా చూస్తున్న కోతిని రాయితో అదిలించింది కూడా.

ఇంటికొచ్చేసరికి పెంకులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అన్నం గిన్నె వాకిట్లో బోర్లా పడింది. కప్పు మీద కోతులు బారుగా కూర్చుని మూతులు తుడుచుకుంటున్నాయి.

నెత్తి మీది గంపైనా దించకుండా కొమురవ్వ ఆఫీసరుకు ఫోన్ కలిపింది.

"గన్ని చెట్లు పెట్టించినా మళ్ల మా ఇంట్లనే పడ్డయ్ సారూ! మంది సొమ్ము తినెతందుకు జర సిగ్గుండాలె గద!"