ఉప్పు చల్లిన ఐసు

ఆ ఉదయం ఆకాశం తడి బూడిదలా ఉంది. తుపాను దాటిపోయింది గాని గాలి ఇంకా దిగలేదు.

నేను ఒక గాజుసీసాని, బొటనవేలంత. ఇసుకను కొలిమిలో కరిగించి నన్ను చేశారు. నగరంలో ఒకామె, ముఖానికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి నన్ను నింపింది. నాలో ఉన్నవి కొవ్వు నలుసులు. ఒక్కొక్కటీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు. అవి నెత్తుట్లో కాపలా తిరిగే కణాలను వెతికి పట్టుకుని, మీరు కొట్టాల్సిన దొంగ వీడేనని ఒంట్లోనే నేర్పుతాయట.

దానమ్మ నెత్తుట్లో ఆ దొంగ పడ్డాడు. క్యాన్సరు. మిగతా మందులన్నీ ఓడిపోయాయి. నేను చేరకపోతే నెల గడవదన్నారు.

ఉప్పుటేటి మీద వంతెన కొట్టుకుపోయి నన్ను తెస్తున్న బండి ఆగింది. ఆసుపత్రి అవతలి గట్టున ఉంది. దానమ్మ తమ్ముడు కొర్లయ్య పడవ తెచ్చాడు. డ్రైవరు నా పెట్టె అందిస్తూ, "జాగ్రత్త బాబూ, చల్లదనం పోయిందా, మందు పోయినట్టే" అన్నాడు.

"నాకా సెప్తన్నావు? వేటకెళ్ళేవోడికి ఐసు సంగతి నేర్పుతావేటి!"

ఏటి నడుమ కొర్లయ్య మూత తీసి చూశాడు. మంచు సంచులు చెమర్చి ఉన్నాయి. అతని ముఖం మారింది. చేపల పెట్టెలోంచి ఐసు తోడి, ఇంకా చల్లబడాలని గుప్పెడు ఉప్పు చల్లి, నన్ను మెడదాకా పూడ్చాడు. వంజరం చేపను కూడా అంత ముద్దుగా పూడ్చి ఉండడు. గడ్డకట్టనీయవద్దని పెట్టె మీద రాసే ఉంది. ఇంగ్లీషులో, చీమతలంత అక్షరాల్లో. ప్రాణం మీదికొచ్చే మాటలను మనుషులు చిన్నగానే రాస్తారు. నాకా, నోరు లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకుంది. "ఇది గడ్డకట్టిందేంటయ్యా?"

"మరే! దారంతా సల్లదనం పోనీనేదమ్మా" అన్నాడు కొర్లయ్య, గర్వంగా.

ఆవిడ గడ్డకట్టిన మందు పనికిరాదని చెప్పాక, అతను "ఇంకోటి?" అన్నాడు.

"తయారవడానికి మూడు నెలలు."

మంచం మీద దానమ్మ అంతా విన్నది.

నన్ను పారేసే పళ్ళెంలో పెట్టారు. అక్కడ కరిగాను. విరిగిన పాలలా నాలో తెల్లటి పలుకులు తేలాయి. కొర్లయ్య గోడకు ఆనుకుని తన వేళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. వాటి మీద ఇంకా ఉప్పు ఉంది.

మధ్యాహ్నం దానమ్మ మెల్లగా లేచి, అతను తెచ్చిన గిన్నె మూత తీసింది. కానాగంత చేపల పులుసు. "రారా, కూడు సల్లారిపోతాది."

అతను కదలలేదు. ఆమె ముద్ద కలిపి, ముల్లు ఏరి, మొదట అతని చేతిలో పెట్టింది. తరవాత ఇద్దరూ ఒకే కంచంలో అడుగుదాకా తిన్నారు.