తాబేలు బండిలో ముందు సీటు

స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండు ఎదురుగా ఉన్న టీ హోటల్లో నెలకో ఆదివారం ఏడెనిమిది మంది మగవాళ్లు కూర్చుని లేని కార్ల గురించి మాట్లాడుకుంటారు. అన్నీ పాత జర్మన్ కార్లు. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని తుక్కుకు పోయాయి. జ్ఞాపకాలు మాత్రం పొద్దున్నే తుడిచి పెట్టినట్టు మెరుస్తుంటాయి. వీళ్లకో టోపీ కూడా ఉంది. నల్లటిది, ముందు చిన్న కారు బొమ్మ. మా ఆయన రామచందర్ జనగామలో ఇల్లు కదిలేటప్పుడే దాన్ని పెట్టుకుంటారు. సగం అభిమానం, సగం నడినెత్తిన బట్టతల.

ఒకసారి నేనూ వెళ్లాను. మహబూబాబాద్ నుంచి హరీష్ భార్య అనిత కూడా వచ్చింది. ఆ గుంపులో కారు ఇంకా ఇంటి ముందు ఉన్నది హరీష్ ఒక్కడికే. వాళ్ల నాన్న కొన్న డీజిల్ బెంజి. కదలదు. అనిత దాని మీద వడియాలు ఎండబెడుతుంది.

"మా బెంజి ఒక్కనాడు తొవ్వల ఆగలేదన్నా," అన్నాడు హరీష్.

"నిజమే," అంది అనిత టీ ఊదుకుంటూ. "తొవ్వ దాక పోతె గద ఆగుడు."

మా ఆయన వెంటనే అందుకున్నారు. "మాదైతే బయ్యారం గుట్ట ఎద్దు లెక్క ఎక్కింది."

"ఎక్కింది," అన్నాను నేను. "ఎనుకనుంచి మనిద్దరం నెట్టినం."

ఆయన టోపీ కాస్త ముందుకు లాక్కున్నారు.

మాది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. జనగామ మొత్తానికి తాబేలు బండి. పప్పుల టోకు వ్యాపారం చేసే మా మామయ్య, దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక డాక్టరు దగ్గర దాన్ని కొన్నారు. రంగు సరిగ్గా పెసల రంగు. అందుకే కొన్నారని అత్తమ్మ అంటుంది. ఆ బండికి ఇంజను వెనక ఉంటుంది, సామాను పెట్టుకునే చోటు ముందు. దసరా రోజు అయ్యగారు ముందు రేకుకే బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఖాళీ పెట్టెకు హారతి ఇచ్చి వెళ్లేవారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన వెళ్లాక అత్తమ్మ పసుపు గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లి, "పాపం, పని చేసేటిది గిది," అని ఇంజను మీద ఇంకో బొట్టు పెట్టేది.

వెనకున్నవాళ్ల కష్టం ఆమెకు తెలుసని నాకు నమ్మకం కలిగింది అప్పుడే. ఎందుకంటే ఆ ఇంజనుకు అత్యంత సమీపంలో కూర్చునేది నేను. వేడి ఎలా ప్రసరిస్తుందో డిగ్రీలో చదువుకున్నాను, పెళ్లయ్యాక దాన్ని ఆనుకుని కూర్చున్నాను.

ఆ కారుకు రెండే తలుపులు. ముందు సీటు వంచితే తప్ప వెనక్కి ఎక్కడం కుదరదు. అంటే మామయ్య స్టీరింగు దగ్గర కూర్చున్నాక, అత్తమ్మ కింద నిలబడి సీటు వంచి పట్టుకోవాలి, కోడలు ముందు ఎక్కాలి. మా వీధిలో అది చూడ్డానికి ఆడవాళ్లు గడపల్లోకి వచ్చేవారు. అత్త నిలబడి ఉండగా కోడలు కూర్చోవడం వాళ్లు ఇంకెక్కడా చూడలేదు. అత్తమ్మ వాళ్లను పట్టించుకునేది కాదు. ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో నా చీర కుచ్చిళ్లు తలుపులో పడకుండా ఎత్తి లోపల పెట్టేది. ఇంట్లో పగలంతా మా ఇద్దరి మధ్య మాటలు పప్పు, ఉప్పు దాటేవి కావు. ఆ కుచ్చిళ్లు సర్దడం మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు.

అందరూ ఎక్కాక మామయ్య, పక్కన అత్తమ్మ, వెనక మేమిద్దరం. మేం కొత్తగా పెళ్లయినవాళ్లం. ఏటా కాళేశ్వరం వెళ్లేటప్పుడు దారి పొడవునా ఈయన నా చెయ్యి పట్టుకునే ఉండేవారు. అత్తమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మొదట్లో ఆమెకు మెడ నొప్పి అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది మర్యాద.

రేగొండ రాగానే మాత్రం ఆమె గొంతు విప్పేది. "గీడ చాయ్ తాగుదమా, కాళేశ్వరం పొయ్యే తాగుదమా?" అది ప్రశ్న కాదని మామయ్యకు తెలుసు. బండి ఆగేది.

మామయ్య చనిపోయిన ఏడాదే, కొన్ని నెలలు గడిచాక, ఈయన బండి తీశారు. అత్తమ్మ ఎప్పటిలాగే ముందు కూర్చుంది. ఘన్‌పూర్ దాకా బాగానే వచ్చాం. అక్కడ ఆమె పక్కకు తిరిగి ఈయన వైపు చూసింది. "ఆపు బిడ్డా," అంది. దిగింది. వెళ్లి బస్సెక్కింది. ఆ బండి మళ్లీ ఎక్కలేదు.

ఎందుకో చెప్పలేదు. ఊరికి చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. రామచందర్ నడిపితే కన్నతల్లే దిగి పారిపోయిందట అని వాళ్లే నిర్ణయించారు. ఈయన కూడా అదే నమ్మారు. వారం తిరక్కుండా బండిని కాటారం నుంచి వచ్చిన యాకయ్య అనే రైతుకు అమ్మేశారు. ఈనాటికీ ఈయన కారు నడిపితే, వెనక ఎవరో పరీక్ష పేపరు దిద్దుతున్నట్టే కూర్చుంటారు.

మొన్న మాఘంలో ఆ యాకయ్యే ఫోన్ చేశాడు. టీ హోటల్ గుంపు వాళ్ల వాట్సాప్‌లో ఈయన పెట్టిన పాత ఫొటో తిరిగి తిరిగి కాటారం చేరిందట.

"సేటూ, బండి మంచిగున్నది. నా కండ్లే మంచిగలెవ్వు. నడుపొద్దన్నరు డాక్టర్లు. హైదరాబాద్ నుంచి ఒకాయన అడుగుతుండు, హోటల్ ముంగట నిలవెడ్తడట. ఇంజను తీసేసి పూలకుండీలు పెడ్తడట. నాకు మనసొప్పుతలేదు. ఆదివారం దాక ఆగుమన్న. నువ్వు తీస్కపోతవా?"

ఈయన ఫోన్ పెట్టేసి ఆ పాత ఫొటో మళ్లీ తీసి చూశారు. తర్వాత అన్నారు, "అవ్వ ఎక్కకుంటె తెచ్చి ఏం లాభం? వాకిట్ల పెట్టి రోజు ఆమెకు చూపెట్టాల్నా?"

"అడుగుండ్రి."

"నేనడుగ."

అడగనివాళ్ల తరఫున పని చెయ్యడం నాకు అలవాటే. ఆదివారం పొద్దున అత్తమ్మతో కాళేశ్వరం పోదామన్నాను. కిరాయి బండి మాట్లాడి ఈయననూ ఎక్కించాను. దేవుడి పేరు చెప్తే ఆమె కాదనదు. దారిలో కాటారం ఉండటం నా తప్పు కాదు, రోడ్డు వేసినవాళ్లది.

కాటారంలో బండి ఒక ఇంటి ముందు ఆగగానే అత్తమ్మ నా వైపు చూసింది. వాకిట్లో రేకుల షెడ్డు, దాని కింద పెసల రంగు తాబేలు. యాకయ్య భార్య యాదమ్మ నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది.

"కాళేశ్వరం గిట్లనే ఉంటదా పుష్పా?" అంది అత్తమ్మ.

"ఇంక జర ముందటికి ఉంటది అత్తమ్మా."

ఆమె చెంబు అందుకుని కాళ్లు కడుక్కుని నేరుగా బండి వెనక్కి నడిచింది. ఇంజను మూత మీద ఎండిన పసుపు బొట్టు ఉంది. వేలితో తాకింది.

"ఇదెవలు పెట్టిన్రు?"

"నేనే అవ్వా," అంది యాదమ్మ. "అయ్యగారు ముంగట పెట్టిపోతడు. పని చేసేది ఎనుకది గదా. మా ఆయన నన్నన్న మరుస్తడు గని దీన్ని తుడుసుడు మరువడు."

అత్తమ్మ వేలికంటిన పసుపు కళ్లకద్దుకుంది. నడిచి వచ్చి ఎడమ తలుపు దగ్గర నిలబడింది. సీటు వంచి పట్టుకుని నా వైపు చూసింది. ఇరవై ఏళ్లయింది. నేను తల వంచి వెనక్కి ఎక్కాను. నా కుచ్చిళ్లు ఎత్తి లోపల పెట్టింది. తర్వాత యాదమ్మ భుజం పట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ ముందు సీట్లో కూర్చుంది. మా ఆయన యాకయ్య దగ్గర తాళంచెవి తీసుకుని అవతలి వైపు ఎక్కారు.  తాళం తిప్పారు. నా వీపు వెనక టకటకమని ఇంజను లేచింది. ఆ వేడి పరిచయస్తురాలిలా నా నడుం మీద చెయ్యి వేసింది.

బండి షెడ్డు దాటి వేపచెట్టు దాకా వచ్చింది. అత్తమ్మ పక్కకు తిరిగింది.

"ఆపు బిడ్డా."

ఆపారు. ఆమె తలుపు తీసి దిగింది.

"కొనుక్కోరా. మంచిగున్నది. నేనైతే ఎక్క."

"నువ్వెక్కని బండి నాకెందుకవ్వా?" అన్నారు ఈయన స్టీరింగు వైపే చూస్తూ. "నాకు నడుపుడు రాదని ఒక్కమాట చెప్పరాదు అప్పుడే. నేర్చుకుంటుంటి."

అత్తమ్మకు నిజంగానే అర్థం కాలేదు. "నీ నడుపుడుకేమైంది?"

"మరి గప్పుడెందుకు దిగినవు?"

ఆమె తలుపు అంచు పట్టుకుని నిలబడింది. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టుగా వేపచెట్టు వైపు చూసింది. "పక్కకు తిరిగితె నువ్వు కనవడ్తున్నవు. మీ నాయిన కనవడ్తలేడు. నీది నా పుట్టింటోళ్ల ముఖమాయె. గా సీట్ల నా తమ్ముణ్ని చూసినట్టున్నది. గంతే. నీ నడుపుడుది ఏం లేదు."

మా ఆయన ఇంజను ఆపేశారు. ఇరవై ఏళ్లుగా మోసిన బరువు ఎక్కడ దించాలో తెలియనట్టు టోపీ తీసి ఒడిలో పెట్టుకుని చెమట తుడుచుకున్నారు.

నేను వెనక సీట్లోనే ఉండిపోయాను. ముందు సీటు ఎవరూ వంచకపోతే దిగే దారి లేదు కదా. కాబట్టి నాకు చూడ్డానికి ఉన్నది ఒక్కటే, మా ఆయన తల. చుట్టూ జుట్టు, నడుమ నున్నగా గుండ్రంగా, కింద మెడ మీద రెండు మడతలు. ఆ తలను నేనెరుగుదును. పెళ్లయిన కొత్తలో ప్రతి కాళేశ్వరం ప్రయాణంలో, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, నేను చూస్తూ కూర్చున్న తలే అది. అత్తమ్మ ఎప్పుడూ పక్కనే కూర్చుంది. ఈయన నా వైపే చూసేవారు, వెనకనుంచి ఆ తలను చూసినదాన్ని నేనొక్కదాన్నే.

"అత్తమ్మా," అన్నాను. "ఒక్కసారి నా సీట్ల కూసోండ్రి."

"నా మోకాళ్లతోని అండ్లకు ఎట్ల వస్తనే?"

"వస్తరు. కాళేశ్వరం మెట్లు ఎక్కుతనన్నరు గద పొద్దున."

యాదమ్మ సీటు వంచింది, నేను దిగాను. ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం. అత్తమ్మ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, యాకయ్యనూ జర్మనీవాళ్లనూ నన్నూ వరసగా తిట్టి, మెల్లగా లోపలికి జరిగింది. ఆమె చీర కుచ్చిళ్లు తలుపు దగ్గర వేలాడుతున్నాయి. ఎత్తి లోపల పెట్టాను. అది ఎంత చిన్న పనో, అందులో ఎంత జాగ్రత్త ఉందో చేస్తే గాని తెలియలేదు.

ఆమె వెనక్కి ఆనుకుని తల ఎత్తింది.

ఎదురుగా ఉన్న తల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. అద్దంలో అది చూసి మా ఆయన ఏదో తప్పు జరిగిందనుకుని టోపీ అందుకోబోయారు.

"పెట్టకు," అంది అత్తమ్మ.

చెయ్యి చాపి, ఈయన మెడ మీద కాలరు మడత సరిచేసింది. చెయ్యి అక్కడే ఉంచింది.

"వీనికి గిదెప్పుడొచ్చింది పుష్పా?"

"ఏంది అవ్వా?" అన్నారు ఈయన.

"మీ నాయిన నెత్తి."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన నవ్వారో, ఏడ్చారో వెనకనుంచి అత్తమ్మకు తెలిసి ఉండదు. పక్కనుంచి నాకు తెలిసింది. అది నేను చెప్పను.

"మరి కొనాల్నా అవ్వా?"

"దేవుని పేరు చెప్పి తెచ్చిన్రు, దర్శనం కాకుంట ఇంటికెట్ల పోతం? నడుపు. కాళేశ్వరం దాక చూస్త."

యాకయ్య తాళంచెవి తిరిగి అడగలేదు. బండి మలుపు తిరిగే దాకా వాకిట్లో నిలబడి, కళ్లు ఆనకపోయినా చప్పుడు విన్నాడు. కిరాయి బండి ఖాళీగా మా వెనకే వచ్చింది, ఎక్కడో ఒకచోట ఆగిపోతామన్న నిండు నమ్మకంతో. మేం ఆగలేదు. గుడి దగ్గర అయ్యగారు వచ్చి ముందు రేకుకు బొట్లు పెట్టారు. ఆయన వెళ్లేదాకా ఆగి అత్తమ్మ కుంకుమ చేతబట్టుకుని వెనక్కి నడిచింది.

ఇప్పుడు జనగామలో ఒక మాట తిరుగుతోంది. పుష్ప ముసలామెను వెనక్కి నెట్టి ముందు సీటు కొట్టేసిందట. నేను కాదనను. కూర్చోవాలని ఎన్నాళ్లుగానో అనుకున్న సీటు అది. నిజానికి అనుకున్నంత గొప్పగా ఏమీ లేదు. నడుం చల్లగా ఉంటుంది, అంతే.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో భూపాలపల్లి దాటాం. ఎండ పడమటికి వాలింది. మా ఆయన టోపీ లేకుండా, భయం లేకుండా నడుపుతున్నారు. వెనక అత్తమ్మ ఏదో మెల్లగా మాట్లాడుతోంది. మాతో కాదు. మధ్యలో జవాబు వింటున్నట్టుగా ఆగి, మళ్లీ అందుకుంటోంది. రేగొండ కనిపించింది.

"గీడ చాయ్ తాగుదమా, ఇంటికి పొయ్యే తాగుదమా?"

ఆ గొంతు కొడుకును అడిగేది కాదు. ఈయన నా వైపు ఒకసారి చూసి బండిని రోడ్డు పక్కకు తీశారు.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. ముందు కూర్చున్నవాళ్లు ఎలా ఉండాలో నాకు నేర్పింది అత్తమ్మే.