మెల్బా ఎంచిన కీబోర్డు

మెల్బాకి యురానిని చూస్తే ఒళ్ళు మండేది. ఆ సంగతి బృందంలో అందరికీ తెలుసు, ఒక్క యురానికి తప్ప.

సల్సా డాన్సు పాటలకి పేరుపడ్డ కాలీ నగరంలో ఆడవాళ్ళే నడిపే బృందాలకి కొదవ లేదు. దోన్యా ఫ్లోరాల్బా బృందంలో పదమూడు మంది. అందులో పియానో పీట ఇరవయ్యారేళ్ళుగా మెల్బాది. రెండేళ్ళ కిందట ట్రంపెట్లు ఊదే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి మానేస్తే, ఆ మోత చిన్న సింథసైజర్ మీద పలికించడానికని యురానిని తెచ్చారు. ఏకై వచ్చింది, మేకై కూర్చుంది. మొదట్లో ఆ పిల్ల మెల్బా వెనక మూలన నిలబడేది. తరవాత ఒక్క పాటకి ముందుకొచ్చింది. ఇప్పుడైతే జనం "ఆ పిల్లని వాయించమనండి!" అని కేకలు వేస్తుంటే, మెల్బా కళ్ళల్లో నిప్పులు పోసుకుని తన వంతు తాను వాయించుకుపోతోంది.

పోయిన వారం పెళ్ళి విందులో, డాన్సు మధ్యలో, మెల్బా పాత వాయిద్యం గుటుక్కుమంది.

"ఇక రెండు మోయడం నా వల్ల కాదు, వ్యాన్‌లో చోటే లేదు," అంది ఫ్లోరాల్బా. "ఒకటే కొందాం. సింథసైజరే, కానీ పియానోకీ పనికిరావాలి. చెవంటే నీది, మెల్బా. పిల్లని వెంటబెట్టుకెళ్ళి చూసి నాకు ఫోన్ చెయ్యి."

"ఒక్కటే ఉంటే వాయించేదెవరు?"

"ముందు కొననియ్యవే తల్లీ!"

వాయిద్యం ఒకటంటే పీటా ఒకటే. ఆమాత్రం తెలుసుకోలేనంత పిచ్చిది కాదు మెల్బా. బస్సులో కూర్చుని ఉపాయం ఆలోచించింది. యురాని చిన్నప్పటినుంచీ తేలిక మెట్ల మీద వేళ్ళు ఆడించినదే. అసలు పియానోలా బరువుగా దిగే మెట్ల ముందు కూర్చోబెడితే రెండు పాటలకే చేతులు పడిపోతాయి. కాబట్టి బరువు మెట్లదే కొనిపించాలి.

దుకాణం సాన్ నికొలాస్ పేటలో. యజమాని దోన్ రిగొబెర్తో రెండు వాయిద్యాలు పక్కపక్కనే పెట్టి, హెడ్‌ఫోన్లు చేతికిచ్చాడు.

"ఇవి పెట్టుకునే వాయించండమ్మా. పొద్దున్నించీ వచ్చినవాడల్లా ఒకే పాట వాయించి నా బుర్ర తినేశాడు."

యురాని తేలికదాని మీద చెయ్యి వేసి మురిసిపోయింది. "అక్కా, వేలు ఆనిస్తే చాలు, జారిపోతోంది!"

"జారిపోయేవే నీకు నచ్చుతాయని నాకు తెలుసులే."

యురాని పకపకా నవ్వింది. అదొకటి. ఎంత మాటన్నా నవ్వేస్తుంది, రోషమైనా ఉండదు.

మెల్బా ముందు తేలికదాన్ని చూసింది. స్వరాలు బాగానే ఉన్నాయి, ట్రంపెట్లు, వయొలిన్లు, ఏది కావాలంటే అది. కానీ పియానో వాయిద్దామంటే వేలికి ఎదురు దొరకదు. మెత్తగా పలకాల్సిన చోట కసురుతుంది. రెండోదానికి ఎనభై ఎనిమిది మెట్లు, మంద్రం వైపు బరువెక్కుతూ, తారం వైపు తేలికవుతూ. దాని మీద చేతులు వేయగానే మెల్బా భుజాల బిగువు సడలింది. ట్రంపెట్లు ఇందులోనూ ఉన్నాయి. ఇంకేం కావాలి?

"ఇక నువ్వు కూర్చో," అని తన చేతులతోనే యురాని తలకి హెడ్‌ఫోన్లు తగిలించింది.

పిల్ల వాయించడం మొదలుపెట్టింది. బయటికి స్వరం రాదు, వేళ్ళు మెట్లకి తగిలే చప్పుడొక్కటే. టక్, టకటక్, టక్. ఎప్పుడు తడబడుతుందా అని మెల్బా చెవులు రిక్కించింది.

తడబడలేదు సరికదా, ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎడమ చెయ్యి అరక్షణం ఆగి, ఆలస్యంగా వచ్చి కుడిచేతిని అందుకుంటోంది. అది తన తుంబావో! సల్సాలో పియానో పదేపదే తిప్పే ఆ మలుపు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఇది భర్త వదిలేసి పోయిన ఏడాది తనకి దొరికింది. ఎందరడిగినా ఎవరికీ నేర్పలేదు. ఈ పిల్ల రెండేళ్ళు వెనక నిలబడి మొత్తం పీల్చేసుకుంది.

పైగా నాలుగోసారి తిప్పినప్పుడల్లా ఒక దెబ్బ ఎక్కువ పడుతోంది. మెల్బా మనసులో దాన్ని తీసేసి చూసింది, వెలితిగా ఉంది. మళ్ళీ పెట్టి చూసింది. ఆ దెబ్బ అక్కడ ఉండాల్సిందే. ఇన్నేళ్ళలో తనకెందుకు తట్టలేదు? దొంగిలిస్తే క్షమించేదేమో, దొంగిలించి ఇంకా అందంగా చేస్తే ఎలా ఓర్చుకోవడం?

పిల్ల పక్కనే నిలబడి ఫోన్ చేసింది.

"బరువు మెట్లదే బాగుంది, ఫ్లోరాల్బా. కానీ ఈ పిల్ల చేతులు తట్టుకోవట్లేదు. రెండు నిమిషాలకే తడబడుతోంది పాపం."

అవతల నిట్టూర్పు. "అయితే తేలికదే తీసుకో."

"అదేంటి?"

"పీట పిల్లదే, మెల్బా. మొహం మీద చెప్పడానికి నోరు రాక నిన్ను పంపాను. నువ్వే చూసి నువ్వే ఎంచితే మనసు సర్దుకుంటావనుకున్నా. నువ్వు తగ్గావని కాదే. జనం దాన్నే అడుగుతున్నారు."

మెల్బా పిల్ల వైపు తిరిగింది. యురాని కళ్ళు మూసుకుని ఇంకా వాయిస్తూనే ఉంది. వచ్చే శనివారం ఇదే తుంబావో ఆ తేలిక మెట్ల మీద, ఆటబొమ్మలా కసురుతూ మోగుతుంది. జనం అదే అసలు అనుకుంటారు. పీట పోతే పోయింది, తుంబావోని కూడా అలా చంపుకోవాలా? పిల్లకి అది దక్కడం భరించలేకపోయింది. పాడైపోయి దక్కడం అంతకంటే భరించలేకపోయింది.

"హలో? ఉన్నావా?"

"అబద్ధం చెప్పాను," అంది మెల్బా.

"ఏమిటీ?"

"తడబడట్లేదు. చచ్చినా తడబడదు. నాది దొంగిలించి నాకంటే బాగా వాయిస్తోంది, దొంగముఖంది! బరువుదే కొను. తేలికదాని మీద అది నా తుంబావో వాయించిందని తెలిస్తే, వచ్చి వైరు పీకేసి పోతాను."

ఫోన్ పెట్టేసరికి చెంపలు తడిసిపోయాయి. దోన్ రిగొబెర్తో మర్యాదగా అటు తిరిగి గిటార్లు తుడవసాగాడు. యురాని హెడ్‌ఫోన్లు లాగేసింది.

"ఏదంట అక్కా?"

"ఈ బరువుదే. వాయించేది నువ్వే."

"నేనా? మరి నువ్వు... అయ్యో, ఏడుస్తున్నావా? ఎందుకక్కా?"

"కుళ్ళుతో," అంది మెల్బా. "ఇంకెందుకు?"